పేరు రిజిస్టర్లో... మనిషి గడప బయట

నిజాం కాలంలో హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్‌కు ఎక్కాయి. ఇప్పుడు కలెక్టర్ ఇచ్చే గుర్తింపు కార్డు మీదికి ఎక్కుతున్నాయి. నూరేళ్లలో చట్టం ఇంత దూరం నడిచి వచ్చింది. వనపర్తి జిల్లా గోపాల్‌పేట లాంటి ఊళ్లలో ఇంటి గడప మాత్రం ఉన్నచోటే ఉంది. ట్రాన్స్‌జెండర్ల హక్కు కోర్టు మెట్లు దిగి పల్లెదాకా రావాలంటే ఏం కావాలి?

పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) రైతుకు ఫసలీ లెక్క కొత్త కాదు. పాత పహాణీ నకలు తీస్తే పైన ఫసలీ సంవత్సరమే కనిపిస్తుంది. దానికి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుందని పెద్దమనుషులు వేళ్ల మీద లెక్కగట్టి చెప్పేవాళ్లు. నిజాం సర్కారు శిస్తు వసూళ్లకు వాడుకున్న లెక్క అది. ఆ లెక్కలో 1329వ ఏట, అంటే 1919లో, హైదరాబాదు రాజ్యం ఒక చట్టం చేసింది. భూమికీ దానికీ సంబంధం లేదు. మనుషుల పేర్లు రాసుకోవడానికి చేసిన చట్టమది.

ఆ చట్టం ప్రకారం హిజ్రాల కోసం సర్కారు ఒక రిజిస్టరు పెట్టాలి. మగపిల్లల్ని ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం కలిగితే చాలు, వాళ్ల పేరు, ఉండే ఇంటి ఆనవాలు అందులోకి ఎక్కుతాయి. ముందు హైదరాబాదు నగరంలో, ఆ తర్వాత సర్కారు ఎక్కడ చెబితే అక్కడ. పేరు ఎక్కిన మనిషి ఆడబట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. నలుగురిలో పాడినా, ఆడినా అంతే. రెండేళ్ల దాకా జైలు, లేదంటే జరిమానా, లేదంటే రెండూ. పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ని ఇంట్లో పెట్టుకున్నా నేరమే.

ఒక్కసారి ఆ శిక్ష దేనికో చూడండి. దొంగతనానికి కాదు, దొమ్మీకి కాదు. చీర కట్టుకుని బజారుకు వచ్చినందుకు.

ఆ రోజుల్లో గోపాల్‌పేట ఒక సంస్థానం. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింతలతో పాటు నిజాంకు పేష్కష్ (కప్పం) కట్టి బతికిన ఏలుబడి. ఊరికి దొర, దొరకు పైన నిజాం. చట్టం రాసింది నగరాన్ని దృష్టిలో పెట్టుకునే. కానీ దాని వెనకున్న చూపు ఊరికి చేరడానికి గెజిట్ అక్కర్లేదు. ఆ చూపు ముందు నుంచీ ఊళ్లోనే ఉంది.

రంగం మీద పద్మశ్రీ, రోడ్డు మీద అరెస్టు

ఆ చట్టం వచ్చిన తర్వాతి ఏళ్లలోనే తెలుగు నాటకరంగాన్ని స్థానం నరసింహారావు ఏలారు. సత్యభామ, రోషనార, మధురవాణి. ఆయన ఏ ఆడవేషం కట్టినా జనం టికెట్టు కొని మరీ చూశారు. 1956లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ భామ జడ వేసుకుని వస్తే అసలైన ఆడవాళ్లే ఆ నడకకు ముచ్చటపడ్డారు. 1970లో ఆయనకూ పద్మశ్రీ దక్కింది. పాలమూరు పల్లెల్లో వీధి భాగవతం కట్టిన రాత్రుల్లో మీసం తీసేసిన మగవాళ్లే ద్రౌపదులు, చంద్రమతులు. 1963లో ‘నర్తనశాల’లో ఎన్టీ రామారావు బృహన్నలగా వస్తే తెలుగు ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు.

అంటే మగ శరీరం మీద చీర మనకు ఎన్నడూ తప్పుగా తోచలేదు. తెర పడ్డాక వేషం విప్పేసి, లుంగీ చుట్టుకుని ఇంటికి పోతాడన్న భరోసా ఉంటే చాలు. ‘ఇది విప్పడానికి వేషం కాదు, నేనే ఇది’ అని ఒక మనిషి అన్న క్షణాన మన మొహం మారిపోతుంది. ఈల వేసిన నోరే బూతు మాట్లాడుతుంది. ఫసలీ 1329 నాటి చట్టం ఆ ఏవగింపునే, ఆ భయాన్నే సెక్షన్లుగా విడగొట్టి రాసింది.

మన గద్వాల చీర సంగతే తీసుకోండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల పోగుల్ని మగ్గం మీదే ఒకదానితో ఒకటి మెలేసి కలపడంలోనే నేతన్న పనితనం ఉంది. నువ్వు నూలువా, పట్టువా, ఏదో ఒకటి తేల్చుకో అని ఆ చీరను ఎవరూ నిలదీయరు. పెళ్లింట ముందుగా మడత విప్పి చూపించేది దాన్నే.

నూట నాలుగేళ్లు బతికిన చట్టం

నిజాం రాజ్యం 1948 సెప్టెంబరులో పోయింది. 1950లో రాజ్యాంగం వచ్చింది. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని కూడా స్వతంత్ర భారతం 1952లో చెత్తబుట్టలో వేసింది. ఆ చట్టం మొదట్లో కొన్ని కులాలను పుట్టుక నేరస్థులుగా, హిజ్రాలను అనుమానితులుగా రాసుకుంది. దాని చుట్టమే మన ఫసలీ 1329 చట్టం. చిత్రమేమంటే మూల చట్టం పోయినా చుట్టం పోలేదు. రాష్ట్రం పేరు మారినప్పుడల్లా చట్టం పేరూ మారింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ తెలంగాణ ప్రాంత చట్టమైంది. తెలంగాణ వచ్చాక తెలంగాణ చట్టమైంది. నిజాం గుర్తుల మీద ఎన్నో వాదాలు చేసుకున్న మనం ఈ ఒక్క గుర్తును మాత్రం భద్రంగా దాచుకున్నాం.

దాన్ని కోర్టుకు లాగిన వాళ్లు ముగ్గురు. సమాచార హక్కు మీద, ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన వైజయంతి వసంత మొగ్లి, కె.ఎం.వి. మోనాలిసా, సాయంతన్ దత్తా. 2018లో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ ఏడే కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో చట్టం అమలును ఆపింది. 2023 జులై 6న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్‌రెడ్డి ధర్మాసనం ఆ చట్టాన్ని పూర్తిగా కొట్టేసింది. ఒక సమాజం మొత్తాన్నీ నేరస్థులుగా చూసే చట్టం సమానత్వ హక్కుకూ, గౌరవంగా బతికే హక్కుకూ విరుద్ధమని తేల్చింది.

అక్కడితో ఆగలేదు. చదువుల్లో, కొలువుల్లో ట్రాన్స్‌జెండర్లకు రిజర్వేషన్ కల్పించాలంది. 2014 నవంబరు నాటి ఆసరా పింఛన్ల జీవో పరిధిలోకి వాళ్లనూ తేవాలంది. సంక్షేమ బోర్డు సరిగ్గా పనిచేసేలా చూడాలంది. 1919లో పుట్టిన చట్టానికి 2023లో నూరేళ్లు నిండాయి, పైన నాలుగేళ్లు గడిచాయి. చట్టం చచ్చింది. అది నేర్పిన చూపు చచ్చిందా అన్నది వేరే లెక్క.

కాగితం మీద గెలుపు

ఈ తీర్పుకు దారి వేసింది 2014 ఏప్రిల్ 15 నాటి సుప్రీంకోర్టు తీర్పు. అందరూ దాన్ని ‘నల్సా తీర్పు’ అంటారు. పేదలకు ఉచితంగా వకీలును పెట్టే జాతీయ న్యాయ సేవాధికార సంస్థే ఆ కేసు వేసింది. జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రి ఇచ్చిన ఆ తీర్పు సారం ఇంటి భాషలో చెప్పుకుంటే ఇదీ: నువ్వు ఆడో, మగో, రెండూ కాదో చెప్పాల్సింది నువ్వే. డాక్టర్ కత్తి కాదు, పోలీసు కన్ను కాదు, పక్కింటివాళ్ల నోరు కాదు. మూడో జెండర్‌గా గుర్తింపు ఇవ్వాలి, సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన వర్గంగా చూసి రిజర్వేషన్లు ఇవ్వాలి అని కూడా ఆ కోర్టు ప్రభుత్వాలకు చెప్పింది.

ఐదేళ్ల తర్వాత పార్లమెంటు చట్టం చేసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, 2019. అది 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. బడిలో, ఆసుపత్రిలో, కొలువులో, అద్దె ఇంట్లో, బస్సులో వివక్ష చూపకూడదని ఆ చట్టం చెప్పింది. ముసాయిదాల్లో మొదట జిల్లా స్థాయి పరిశీలన కమిటీ ఒకటి పెట్టారు. నలుగురు అధికారులు కూర్చుని ‘నువ్వు నిజంగా ట్రాన్స్‌జెండరేనా’ అని తేల్చే ఏర్పాటది. దేశమంతా ట్రాన్స్‌జెండర్లు రోడ్డెక్కి దాన్ని తీయించారు. చివరికి కలెక్టర్‌కు ప్రమాణ పత్రం ఇస్తే గుర్తింపు ఇచ్చే పద్ధతి మిగిలింది. అయితే ఆడ అనో, మగ అనో రాయించుకోవాలంటే మాత్రం శస్త్రచికిత్స జరిగినట్టు ఆసుపత్రి కాగితం కావాలని మెలిక పెట్టారు. నువ్వే చెప్పుకోవచ్చన్న సుప్రీంకోర్టు మాటకు ఇది అడ్డమని అప్పటి నుంచీ వాదన నడుస్తోంది.

ఇంకో లోపం మరీ బరువైంది. ఒక మహిళపై అత్యాచారం చేస్తే శిక్ష పదేళ్ల నుంచి మొదలవుతుంది. 2019 చట్టం ప్రకారం ట్రాన్స్‌జెండర్ మీద లైంగిక హింసకు పడేది ఆరు నెలల నుంచి రెండేళ్లు. కొట్టినా, తిట్టినా, బతుకుదెరువు చెడగొట్టినా, అంతకంటే ఘోరం చేసినా అన్నిటినీ ఒకే గంపలో వేసి ఒకే తూకం తూచారు. 2024 జులై 1న పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. జెండర్ అన్న మాటకు నిర్వచనం ఇస్తూ ట్రాన్స్‌జెండర్లనూ అందులో చేర్చారు. అత్యాచారం సెక్షన్ మాత్రం మహిళల దగ్గరే ఆగింది. దేహం ఒకటే, గాయం ఒకటే, శిక్షలో ఇంత తేడా ఎందుకని అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేరు.

పాలమూరు ఎరిగిన వలస, ఎరగని వలస

వలస గురించి పాలమూరుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బావి ఎండితే మూట కట్టి బొంబాయి బస్సెక్కడం మూడు తరాలుగా తెలిసిన దారి. ముసలమ్మ ఇంటికి కావలి, మనవలు హాస్టల్లో, నడీడు వాళ్లు మేస్త్రీ వెంట. అయినా ఆ వలసకు తిరుగుదారి ఉంది. పండక్కి కొడుకు వస్తున్నాడంటే కోడి కోస్తారు. కొత్త బట్టలు తెచ్చాడా, ఎన్ని రోజులుంటాడు అని వాడంతా అడుగుతుంది.

ఇంకో వలస ఉంది. దానికి కరువు కారణం కాదు. పదో తరగతిలోనో, ఇంటర్లోనో ఒక పిల్లవాడి నడక మీద, గొంతు మీద ఊరి కళ్లు పడతాయి. బడిలో పేరు పోయి ‘తేడా’ అన్న మాట మిగులుతుంది. ఇంట్లో ముందు బెదిరింపు, తర్వాత బెల్టు, ఆ తర్వాత పెళ్లి చేస్తే సరిపోతుందన్న సలహా. ఒక రాత్రి ఆ పిల్ల తెల్లవారకముందే బస్టాండుకు నడుస్తుంది. హైదరాబాదులోనో, పుణెలోనో ఒక గురువు చేరదీస్తుంది. గురువు, చేలాలు (శిష్యులు), నాని (గురువుకు గురువు) అంటూ అక్కడ కొత్త చుట్టరికం, జమాత్ అనే కొత్త ఇల్లు. ఆ ఇంటికీ కట్టుబాట్లున్నాయి, వసూళ్లున్నాయి, కష్టాలున్నాయి. అయినా కన్నవాళ్లు మూసిన తలుపుకు బదులు తెరిచిన తలుపు అది. ఈ వలసకు తిరుగుదారి ఉండదు. చెల్లి పెళ్లికి రావద్దంటారు. తండ్రి పోతే కబురు మూడో రోజున తెలుస్తుంది. వచ్చినా ప్యాంటు షర్టు వేసుకుని, జుట్టు దాచుకుని రమ్మంటారు.

తమిళనాడులో ఎ. రేవతి ఇలాంటి బతుకునే ఆత్మకథగా రాశారు. పి. సత్యవతి తెలుగు చేసిన ఆ పుస్తకం ‘ఒక హిజ్రా ఆత్మకథ’కు 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ట్రాన్స్‌జెండర్ల కష్టం రోడ్డు మీద మొదలవుతుందనుకునే పాఠకులు ఆ పుస్తకం చదవాలి. కష్టం మొదలయ్యేది వంటింట్లో, అన్నదమ్ముల మధ్య.

ఇక్కడ 2019 చట్టంలో ఎవరూ చదవని రెండు సెక్షన్ల గురించి చెప్పాలి. 12వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆదేశం లేకుండా, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఏ బిడ్డనూ తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు. కుటుంబం ఉండే ఇంట్లో ఉండే హక్కు, ఆ ఇంటి వసతులన్నీ వాడుకునే హక్కు వాళ్లకు ఉంది. 18వ సెక్షన్ ప్రకారం ఒక ట్రాన్స్‌జెండర్‌ను ఇంటి నుంచి గానీ, ఊరి నుంచి గానీ వెళ్లగొడితే నేరం. రెండేళ్ల దాకా జైలు. చట్టం ‘ఊరు’ అన్న మాట కావాలనే రాసింది. ఊరు మనిషిని ఎలా వెళ్లగొడుతుందో ఆ రాసినవాళ్లకు తెలుసు. పంచాయతీ పెట్టి పొమ్మనక్కర్లేదు. కిరాణా కొట్టులో ఉద్దెర ఆపేస్తారు. చేదబావి దగ్గర మాట ఆపేస్తారు. ఆ మనిషే పోతుంది.

భూమి విషయం మరీ కఠినం. వారసత్వ చట్టం కొడుకు, కూతురు అన్న మాటలతో నడుస్తుంది. ఇల్లు విడిచిపోయిన బిడ్డ పేరు విరాసత్‌లో చేర్చడానికి అన్నదమ్ములు ముందుకు రారు. ఉత్తరప్రదేశ్ 2020లో తన రెవెన్యూ చట్టాన్ని సవరించి వ్యవసాయ భూమిలో మూడో జెండర్‌కు వారసత్వ వాటా రాసింది. పాలమూరులో ఎకరానికి ఇప్పుడున్న ధర తెలిసినవాళ్లకు ఆ సవరణ విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒక జీరో టికెట్ కథ

గోపాల్‌పేట నుంచి వనపర్తికి పోయే పల్లెవెలుగు బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం నడుస్తోంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమని అందరికీ తెలుసు. ఆ ఉత్తర్వులో ఇంకో మాట ఉంది. ట్రాన్స్‌జెండర్లకూ ఉచితమే. గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టాలి.

ఇప్పుడు ఆ సీటులో కూర్చున్న మనిషిగా ఒక్క నిమిషం ఆలోచించండి. ఒంటి మీద చీర, నుదుట బొట్టు. చేతిలో ఆధార్. అందులో పదేళ్ల కిందటి ఫొటో, మగపేరు. కండక్టర్ కార్డు చూస్తాడు, మొహం చూస్తాడు, మళ్లీ కార్డు చూస్తాడు. ఈలోగా బస్సంతా ఇటే చూస్తుంది. వెనక సీటులో ఎవరో కిసుక్కున నవ్వుతారు. పక్క సీటు ఖాళీగానే ఉంటుంది, నిలబడ్డవాళ్లు మాత్రం కూర్చోరు. ఆ ఒక్క నిమిషాన్ని తప్పించుకోవడానికి డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చోవడమే మేలనిపించదా? హక్కు చేతికి అందినా మనిషి దాన్ని వాడుకోలేకపోవడం అంటే ఇదే.

వనపర్తిలో దిగి ఆసుపత్రికి పోతే అక్కడ ఓపీ చీటీ. ఆడ, మగ అని రెండే వరసలు ఉన్నచోట ఎటు నిలబడాలి? చేర్చుకుంటే ఏ వార్డులో మంచం? మరుగుదొడ్డి ఏది? జ్వరానికి వచ్చిన మనిషిని జ్వరం గురించి కాకుండా శరీరం గురించి ప్రశ్నలడిగితే రెండోసారి ఆ గడప ఎవరు తొక్కుతారు? 2024 డిసెంబరులో రాష్ట్రం ట్రాన్స్‌జెండర్ల కోసం 33 మైత్రి క్లినిక్‌లు ప్రారంభించింది. అది మంచి అడుగు. అయితే హైదరాబాదు నారాయణగూడలో 2021లో అమెరికా సాయంతో మొదలైన మిత్ర్ క్లినిక్ అనుభవం మరిచిపోకూడదు. 2025లో ఆ దేశం సాయం ఆపగానే క్లినిక్ మూతపడింది. తర్వాత వేరే దాతల చేయూతతో మళ్లీ తెరుచుకుంది. ఎవరి దయ మీదో నడిచే వైద్యం ఎప్పుడైనా ఆగిపోవచ్చు. సర్కారు దవాఖానలో రాసుకున్న మంచం ఆగదు.

నడిగడ్డ (గద్వాల సీమ) జనానికి పక్క రాష్ట్రాలు పొరుగు వీధుల్లాంటివి. తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడ ట్రాన్స్‌జెండర్‌కు 2024 జులై నుంచి నెలకు రూ.4,000 పింఛను. పడమటకు పోతే రాయచూరు. కర్ణాటక 2021లోనే సర్కారు కొలువుల్లో ఒక శాతం రిజర్వేషన్ పెట్టింది. తమిళనాడు 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టింది. నది ఇవతలి మనిషికి ఆకలి తక్కువేమీ కాదు.

పని దొరికితే మనిషి ఎలా ఉంటుంది?

‘పని చేసుకుని బతకొచ్చు కదా’ అన్నది ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కారు అద్దం ఎత్తేసేటప్పుడు మనం అనే మాట. పని ఇచ్చి చూసిన సందర్భాలు చెప్పుకుందాం.

డాక్టర్ ప్రాచీ రాథోడ్ ఆదిలాబాద్‌లో ఎంబీబీఎస్ చదివారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేశాక, తన గుర్తింపు తెలిసి కొలువు నుంచి తప్పించారని ఆమె పత్రికలకు చెప్పారు. డాక్టర్ రూత్ జాన్‌పాల్ కొయ్యలది ఖమ్మం. ఎన్నో ఆసుపత్రుల తలుపు తట్టినా పని దొరకలేదు. 2022 చివర్లో ఇద్దరూ ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో చేరి, తెలంగాణ సర్కారు సేవలోకి వచ్చిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లయ్యారు. మరుసటి ఏడు రూత్‌కు అత్యవసర వైద్యంలో పీజీ సీటు వచ్చింది. ఎంబీబీఎస్ పాసైన మనిషికే పని కోసం ఇంత తిరుగుడు పడితే, తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పల్లెటూరి పిల్ల సంగతి ఆలోచించండి.

2024 డిసెంబరులో హైదరాబాదు గోషామహల్ పోలీసు మైదానంలో ట్రాఫిక్ అసిస్టెంట్ల ఎంపిక జరిగింది. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. పోటీకి వచ్చిన 58 మందిలో 44 మంది నెగ్గారు. శిక్షణ పూర్తిచేసుకుని 39 మంది విధుల్లో చేరారు. నిన్నటిదాకా ఏ సిగ్నల్ దగ్గర చేయి చాపారో, ఆ సిగ్నల్ దగ్గరే చేయెత్తి బండ్లు ఆపుతున్నారు. ఫసలీ 1329 చట్టం ఉన్న రోజుల్లో వాళ్లను వీధిలో చూస్తే పట్టుకుపోయే అధికారం పోలీసుకు ఉండేది. అదే పోలీసు శాఖ అదే వీధిలో వాళ్లకు యూనిఫాం వేసి నిలబెట్టింది. తెలంగాణ చరిత్రలో ఇంత అందమైన ప్రాయశ్చిత్తం అరుదు. అయితే 39 అన్న అంకె చిన్నది. ఆ ఊరు హైదరాబాదు. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, గద్వాలలో కూడా కూడళ్లున్నాయి, బడులున్నాయి, అంగన్‌వాడీలున్నాయి.

ప్రైవేటు కొలువుల్లో పరిస్థితి ఏమిటో 2025 అక్టోబరు 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో ఒకటి, గుజరాత్‌లో ఒకటి, రెండు బడుల్లో పని పోగొట్టుకున్న టీచర్ జేన్ కౌశిక్ కేసు అది. ఆమెకు పరిహారం ఇప్పించడంతో పాటు, సమాన అవకాశాల విధానం తయారు చేయడానికి విశ్రాంత న్యాయమూర్తి ఆశా మీనన్ నాయకత్వంలో కోర్టు ఒక కమిటీ వేసింది. 2019 చట్టం కాగితాల మీదే పడి ఉండటాన్ని తప్పుపట్టింది.

దీవెన కావాలి, మనిషి వద్దు

కొత్త దుకాణం తెరిస్తే హిజ్రా చేత గుమ్మడికాయ తిప్పించుకుంటాం. పసిబిడ్డ నెత్తిన వాళ్ల చేయి పడితే మంచిదంటాం. వాళ్లిచ్చిన రూపాయి నాణెం గల్లాపెట్టెలో దాస్తాం. గద్వాల సరిహద్దు పల్లెల్లో ఎల్లమ్మ పేరు మీద జోగు పట్టిన జోగప్పల ముందు మొక్కుతాం. ఆ దుకాణంలోనే ఆ మనిషి పని అడిగితే ముక్కు చిట్లిస్తాం. ఆ వీధిలోనే గది అద్దెకు అడిగితే బోర్డు తీసేస్తాం.

2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో ఒక దృశ్యం దేశమంతా చూసింది. కర్ణాటక బళ్లారి సీమకు చెందిన జోగతి కళాకారిణి మంజమ్మ పద్మశ్రీ అందుకోవడానికి వచ్చారు. అవార్డు తీసుకునే ముందు తన చీర కొంగుతో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌కు దిష్టి తీశారు. ఆయన చేతులు జోడించి నమస్కరించారు. ఇంట్లోవాళ్లు వద్దనుకున్న బిడ్డ దేశపు మొదటి పౌరుడికి దిష్టి తీసింది. మన బజారులో ఆ కొంగుకే వెకిలి నవ్వులు.

మాట దగ్గరే మొదలుపెట్టొచ్చు. తెలుగులో వీళ్లను పిలవడానికి తిట్లు ఎన్నున్నాయో లెక్కలేదు. సినిమా హాస్యం వాటికి ఇంకొన్ని కలిపింది. హిజ్రా, ట్రాన్స్‌జెండర్ అన్న మాటలు వాళ్లు ఒప్పుకున్నవి. అంతకంటే సులువైంది ఒకటుంది. వయసును బట్టి అక్కా అనో, అమ్మా అనో పిలవడం. పాలమూరులో ముక్కు మొహం తెలియని మనిషిని కూడా వరస పెట్టి పిలిచే అలవాటు మనది. ఆ అలవాటులో వీళ్లకు చోటివ్వడానికి జీవో అక్కర్లేదు.

కార్డు కావాలంటే

● కేంద్ర ప్రభుత్వ జాతీయ ట్రాన్స్‌జెండర్ పోర్టల్‌లో ఇంటి నుంచే దరఖాస్తు చేయొచ్చు. 2020 నియమాలు ఫొటో, ప్రమాణ పత్రం అడిగాయి. ఈ గుర్తింపుకు వైద్య పరీక్ష అడగకూడదని ఆ నియమాలు చెప్పాయి. ముప్పై రోజుల్లో కలెక్టర్ ధ్రువపత్రం ఇవ్వాలన్నాయి.

● వనపర్తి 2016 అక్టోబరు 11న జిల్లా అయింది కాబట్టి గోపాల్‌పేట వాళ్లు ఇందుకోసం మహబూబ్‌నగర్ దాకా పోనక్కర్లేదు. మైనర్ల తరఫున తల్లిదండ్రులో, సంరక్షకులో దరఖాస్తు చేయాలి.

● ఆ పత్రంతో ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు ఖాతా, చదువు సర్టిఫికెట్లలో పేరు, జెండర్ మార్పించుకోవచ్చు.

● ఇంట్లోంచి వెళ్లగొట్టినా, పోలీసులు ఫిర్యాదు తీసుకోకపోయినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవొచ్చు. ఆ సంస్థ హెల్ప్‌లైన్ 15100. సుప్రీంకోర్టుకు వెళ్లి 2014లో గెలిచిన సంస్థకు ఇది జిల్లా శాఖే.

మూడో రిజిస్టరు

2011 జనాభా లెక్కల్లో మొదటిసారి ఆడ, మగ కాక ‘ఇతరులు’ అన్న గడి పెట్టారు. దేశం మొత్తం మీద 4,87,803 మంది ఆ గడిలో తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. భయంతో చెప్పనివాళ్లు చెప్పినవాళ్ల కంటే ఎక్కువేనని ట్రాన్స్‌జెండర్ల సంఘాలు అంటాయి. ఆ లెక్కలో ఒక అంకె దగ్గర ఆగాలి. ఆరేళ్లలోపు పిల్లలు 54,854 మంది. ఆ వయసు పిల్లల సంగతి లెక్కలు రాసేవాళ్లకు చెప్పేది పెద్దవాళ్లే. వీళ్లు ఎక్కడి నుంచో ఊడిపడరు. మన ఇళ్లలోనే, మన గోపాల్‌పేటల్లోనే పుడతారు.

ఇప్పటిదాకా రెండు రిజిస్టర్ల గురించి చెప్పుకున్నాం. 1919 నాటిది పేరు రాసుకున్నది పట్టుకోవడానికి. 2019 చట్టంతో వచ్చింది పేరు రాసుకుంటున్నది హక్కు ఇవ్వడానికి. మొదటిదాన్ని కోర్టు చించేసింది. రెండోది కలెక్టరేట్‌లో తెరిచి ఉంది.

మూడో రిజిస్టరు మీ ఇంట్లోనే ఉంది. రేషన్ కార్డు. పైన ఇంటి పెద్ద పేరు, కింద కుటుంబ సభ్యుల జాబితా. ఇల్లు విడిచిపోయిన బిడ్డ పేరును అందులోంచి తీయించిన కుటుంబాలున్నాయి. పేరు ఉంచిన కుటుంబాలూ ఉన్నాయి. ఏ కోర్టూ ఆ జాబితా మీ చేత రాయించలేదు. రేపు కొత్త కార్డుకు దరఖాస్తు నింపేటప్పుడు పిల్లల పేర్లన్నీ రాయండి. ఎవరినీ వదిలేయకండి. ఆ బిడ్డ ఇప్పుడు పెట్టుకున్న పేరేమిటో ఫోన్ చేసి అడిగి, ఆ పేరే రాయండి.